మేక ఎందుకలా చేస్తుంది? మొండితనం అనుకునే దాని వెనకున్న కారణాలు

రాత్రంతా అరుస్తుంది. కారు బానెట్ ఎక్కి నిలబడుతుంది. కుండీలోని మొక్కలు కొరికేస్తుంది. మేకలున్న ఇంటి పక్కన ఉండేవారు చెప్పే ఫిర్యాదులు ఎక్కడైనా దాదాపు ఈ మూడే.

దిల్లీలోని ద్వారకలోనూ అంతే. దిల్లీ డెవలప్‌మెంట్ అథారిటీ ప్లాన్ గీసి కట్టిన ఈ ఉపనగరంలో సెక్టార్ల మధ్య బాగ్‌డోలా, పోచన్‌పూర్, అంబర్‌హాయ్, కక్రోలా వంటి పాత ఊళ్లు అలాగే ఉండిపోయాయి. అపార్ట్‌మెంట్ల గేటు దాటితే, ఖాళీ స్థలాల్లో తుమ్మ చెట్ల కింద మేకలు మేస్తూ కనిపిస్తాయి. బక్రీద్ దగ్గరపడితే నగరమంతటా వాటి సంఖ్య పెరుగుతుంది. మంద నుంచి విడదీసి తెచ్చిన మేకను ఒక్కదాన్నే మెట్ల కిందో, మేడ మీదో కట్టేస్తారు. అది అరుస్తూనే ఉంటుంది.

నగరంలో ఇది రెండు వారాల ఇబ్బంది. తెలుగు రాష్ట్రాల్లో మాత్రం మేక ప్రవర్తన అర్థం కాకపోతే పోయేది డబ్బు. నేషనల్ లైవ్‌స్టాక్ మిషన్ కింద గొర్రెలు, మేకల ఫారాలకు కేంద్రం 50 శాతం పెట్టుబడి రాయితీ ఇస్తోంది. 100 ఆడ జీవాలు, 5 మగ జీవాలతో పెట్టే యూనిట్‌కు గరిష్ఠంగా రూ.10 లక్షలు, 500 ఆడ, 25 మగ జీవాల యూనిట్‌కు రూ.50 లక్షల వరకు రాయితీ ఉంది. దీంతో ఎన్నడూ మేకను మేపనివారు కూడా ఈ రంగంలోకి వస్తున్నారు. షెడ్డు కొలతలు, దాణా లెక్కలు ప్రాజెక్టు రిపోర్టులో ఉంటాయి. మేక ఎలాంటి జంతువో అందులో ఉండదు.

'జీవాలు' అనే ఒక్క మాటలో రెండు జంతువులు

తెలుగు పల్లెల్లో గొర్రెలను, మేకలను కలిపి 'జీవాలు' అంటారు. చాలాచోట్ల కాపరి ఒకరే, మందా ఒకటే, దొడ్డీ ఒకటే. ప్రభుత్వ పథకాలు కూడా రెండింటినీ ఒకే గాటన కడతాయి.

2019 పశుగణన ప్రకారం దేశంలో మేకలు దాదాపు 14.9 కోట్లు, గొర్రెలు 7.4 కోట్లు. తెలుగు రాష్ట్రాల్లో లెక్క తలకిందులు. తెలంగాణలో సుమారు 1.9 కోట్ల గొర్రెలుంటే మేకలు 49 లక్షలే. ఆంధ్రప్రదేశ్‌లో గొర్రెలు 1.76 కోట్లు, మేకలు 55 లక్షలు. అందుకే మన దగ్గర జీవాల పెంపకం గురించి చెప్పే మాటల్లో ఎక్కువ భాగం నిజానికి గొర్రెల పెంపకం గురించినవే. వాటిని మేకకు వర్తింపజేసినప్పుడే చిక్కు వస్తుంది.

రెండూ దగ్గరి బంధువులే కానీ ఒకటి కాదు. మేకకు 60 క్రోమోజోములు, గొర్రెకు 54. మేక తోక పైకి లేచి ఉంటుంది, గొర్రె తోక కిందికి వేలాడుతుంది. అసలు తేడా మాత్రం ప్రవర్తనలో ఉంది.

గొర్రె వంచిన తల ఎత్తకుండా నేల మీది గడ్డి మేస్తుంది. భయపడితే మందలోకి దూరుతుంది, ముందున్నది ఎటు పోతే అటే పోతుంది. 'గొర్రెదాటు' అనే మాట అలా పుట్టిందే. మేక తల ఎత్తి ఆకు వెతుకుతుంది. కొత్త వస్తువు కనిపిస్తే దగ్గరికి వెళ్లి పెదవితో తడిమి చూస్తుంది. కుక్క వస్తే అన్నీ ఒకేసారి పరుగందుకోవు. కొన్ని ఆగి, అటు తిరిగి చూస్తాయి, ముక్కుతో తుమ్మినట్టు బుస్సుమంటాయి, కాలితో నేలను తంతాయి. అది మిగతా మందకు హెచ్చరిక. గొర్రెల మందలో నాలుగు మేకలను కలిపి, వాటిని ముందు నడిపించే అలవాటు కాపరులకు ఉన్నది ఇందుకే.

ఈ స్వభావం కొండల నుంచి వచ్చింది. ఇవాళ్టి పెంపుడు మేకల పూర్వీకులు పశ్చిమాసియా కొండల్లో తిరిగే బెజోర్ అడవి మేకలు. సుమారు 10 వేల ఏళ్ల కిందట ఇరాన్‌లోని జాగ్రోస్ పర్వత ప్రాంతంలో మనుషులు వాటిని మచ్చిక చేసుకున్న ఆనవాళ్లు గంజ్ దరే తవ్వకాల్లో దొరికాయి. రాతి గుట్టలు, ముళ్ల పొదలు, చాలీచాలని మేత, పొంచి ఉన్న వేటజంతువులు. మేక చేసే దాదాపు ప్రతి పనికీ మూలం అక్కడ దొరుకుతుంది.

నిజంగా అన్నీ తినేస్తుందా?

మేక ఏదైనా తింటుందన్నది బాగా పాతుకుపోయిన అపోహ. నిజానికి మేతలో అది చాలా ఎంపిక చేసుకునే జంతువు. దాని పైపెదవి చురుగ్గా కదులుతుంది. ముళ్ల మధ్య నుంచి ఆకునొక్కదాన్నే లాగగలదు. చేతుల్లేని జంతువుకు పెదవే చేయి. బట్ట, కాగితం, తాడు నోట్లో పెట్టుకుందంటే చాలాసార్లు అది తినడం కాదు, అదేమిటో చూడటం.

అయితే నగరంలో ఈ పరీక్షే ప్రమాదం. కూరగాయల తొక్కలతో పాటు ప్లాస్టిక్ సంచి కడుపులోకి పోతే అది అరగదు, బయటికీ రాదు. పొట్ట నిండినట్టే ఉంటుంది, మేక మాత్రం చిక్కిపోతుంది.

స్వేచ్ఛగా తిరగనిస్తే మేక ఒకచోట నాలుగు కొరుకులు కొరికి మరో మొక్క దగ్గరికి పోతుంది. రేగు, తుమ్మ, జమ్మి, వేప ఇలా రకరకాలుగా మారుస్తుంది. అందనప్పుడు ముందరి కాళ్లు చెట్టుకు ఆనించి వెనక కాళ్ల మీద నిలబడుతుంది. చాలా చెట్ల ఆకుల్లో వగరునిచ్చే టానిన్లు ఉంటాయి. వాటిని గొర్రెలు, ఆవుల కంటే మేక మెరుగ్గా తట్టుకుంటుంది.

ద్వారక ఖాళీ స్థలాల్లోనూ, అనంతపురం బీళ్లలోనూ ఒకే దృశ్యం కనిపిస్తుంది. మనం సర్కారు తుమ్మ అని, ఉత్తరాదిన విలాయతీ కీకర్ అని పిలిచే చెట్టు కింద మేకలు చేరతాయి. పచ్చి ఆకును పెద్దగా ముట్టుకోవు. పండి రాలిన తీపి కాయలను మాత్రం ఏరుకుని తింటాయి. గట్టి గింజలు పెంటికలతో బయటపడి మరోచోట మొలుస్తాయి. ఆ చెట్టు విస్తరించడంలో పశువుల పాత్ర అలాంటిది.

తల ఎత్తి మేయడం వెనక ఆరోగ్య కారణం కూడా ఉంది. రక్తం పీల్చే హిమాంకస్ వంటి పొట్ట పురుగుల లార్వాలు నేలకు దగ్గరగా, తడి గడ్డి మీద ఉంటాయి. పైనున్న ఆకు తినే మేకకు వాటితో పెద్దగా పని పడలేదు. కాబట్టి వాటిని తట్టుకునే శక్తి గొర్రెకు వచ్చినంతగా మేకకు రాలేదు. అలాంటి మేకను పొట్టి గడ్డి ఉన్న చిన్న స్థలంలో రోజూ మేపితే పురుగుల బెడద గొర్రె కంటే దానికే ఎక్కువ. నేల మీద పరిచిన మేతను తొక్కి, మూత్రం పోసి, తర్వాత ముట్టుకోకపోవడాన్ని రైతులు పొగరు అనుకుంటారు. మురికైన మేతను వదిలేయడం దానికి రక్షణ.

ఎత్తు కనిపిస్తే ఎక్కాల్సిందే

కారు బానెట్, పిట్టగోడ, ఇటుకల కుప్ప. మేక దృష్టిలో ఇవన్నీ బండరాళ్లే. గిట్ట అంచు గట్టిగా, లోపలి భాగం మెత్తగా ఉండటంతో రెండు వేళ్లూ విడదీసి చిన్న అంచును కూడా పట్టుకుని నిలబడగలదు. ఎత్తు మీద నేల పొడిగా ఉంటుంది. నాలుగు దిక్కులూ కనిపిస్తాయి. మందలో బలమైనవి ఎత్తైన చోటును ముందు ఆక్రమిస్తాయి.

దాని కన్ను కూడా దీనికి తగ్గట్టే ఉంటుంది. మేక కంటిపాప అడ్డంగా గీత గీసినట్టు ఉంటుంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, బర్కిలీకి చెందిన మార్టిన్ బ్యాంక్స్ బృందం 214 జాతుల కళ్లను పోల్చి 2015లో ఒక అధ్యయనం ప్రచురించింది. అడ్డంగా ఉన్న కంటిపాప ముందూ వెనకా విశాలంగా చూడటానికి పనికొస్తుందని, పైనుంచి పడే ఎండ వెలుగును తగ్గిస్తుందని అందులో తేలింది. మేయడానికి తల వంచినా గీత నేలకు సమాంతరంగానే ఉండేలా గుడ్డు 50 డిగ్రీలకు పైగా తిరుగుతుంది. అంటే మేస్తూనే కాపలా కాస్తుంది.

వాన విషయంలోనూ మేకది కొండ లెక్కే. గొర్రెకున్నట్టు దట్టమైన ఉన్ని, దానికి అంటుకునే జిడ్డు మేకకు లేవు. నాలుగు చినుకులు పడితే చూరు కిందికి పరిగెత్తుతుంది. తడి నేల మీద పడుకోవడానికి ఇష్టపడదు. మంచెలాంటి ఎత్తైన నేల ఉన్న షెడ్లలో మేకలు నిమ్మళంగా ఉండటానికి ఇదే కారణం.

ఒంటరి మేక ఎందుకరుస్తుంది?

అడవిలో మందకు దూరమైన మేక వేటజంతువుకు ఆహారం. కాబట్టి ఒంటరితనం మేకకు దిగులు మాత్రమే కాదు, ప్రాణభయం. విడిగా కట్టేసిన మేక గుండె వేగం పెరుగుతుంది, మేత తగ్గుతుంది, నెమరు ఆగుతుంది. అరుపు మందను వెతుక్కునే పిలుపు. మేడ మీద రాత్రంతా అరిచే మేకకు కావలసింది ఎక్కువ మేత కాదు, కళ్లెదుట మరో మేక. రెండింటిని పక్కపక్కన కట్టినా, కనీసం ఒకదానికొకటి కనిపించేలా ఉంచినా గొడవ చాలావరకు తగ్గుతుంది.

మందలో ఉన్నంత మాత్రాన అన్నీ సమానం కాదు. ఎవరు ముందు తినాలి, ఎవరు పక్కకు తప్పుకోవాలి అనే వరుస ఉంటుంది. వయసు, బరువు, కొమ్ములు ఆ వరుసను తేలుస్తాయి. ఒకసారి తేలాక గొడవలు తక్కువే. చూపు, తల వంపు, ఒక్క అడుగు ముందుకు వేయడం చాలు. కొత్త మేక వచ్చినప్పుడు లెక్క మళ్లీ మొదలవుతుంది. వెనక కాళ్ల మీద లేచి, తల పక్కకు వంచి, పైనుంచి కిందికి ఢీకొడతాయి. పొట్టేళ్లయితే దూరం నుంచి పరిగెత్తుకొచ్చి కొట్టుకుంటాయి.

'మేకపోతు గాంభీర్యం' అని మనం ఎగతాళిగా అంటాం. లోపల భయమున్నా పైకి ధైర్యం నటించడం దాని అర్థం. మేకల లోకంలో ఆ ప్రదర్శనకు ఉపయోగం ఉంది. మెడ నిక్కించి, వెంట్రుకలు లేపి పెద్దగా కనిపించడంతోనే చాలా తగాదాలు ముగిసిపోతాయి. దెబ్బలాటకు దిగితే గాయం ఇద్దరికీ.

ఫారం పెట్టేవారు ఇక్కడే ఎక్కువగా దెబ్బతింటారు. నాలుగు సంతల్లో కొన్న వంద మేకలను ఒకే రోజు ఒకే షెడ్డులోకి వదిలితే, ఒకదానికొకటి పరిచయం లేని వంద జంతువులు వరుస తేల్చుకునే పనిలో పడతాయి. బలహీనమైనవి మేత తొట్టి దగ్గరికి రాలేవు. చూడివి పొట్టలో దెబ్బలు తిని ఈసుకుపోతాయి. ప్రయాణపు అలసటకు ఈ ఒత్తిడి తోడైతే రోగాలు తేలిగ్గా అంటుకుంటాయి.

తల్లి, పిల్ల: మొదటి నిమిషాల బంధం

మేక చూడి కాలం దాదాపు 150 రోజులు. ఈనే ముందు తల్లి మందకు కొంచెం దూరంగా జరుగుతుంది. పిల్ల పడగానే నాకడం మొదలుపెడుతుంది. ఒళ్లు ఆరడానికే కాదు, వాసన గుర్తుపెట్టుకోవడానికి కూడా.

ఈ గుర్తింపుకు చాలా తక్కువ సమయం చాలునని 1964లో అమెరికా శాస్త్రవేత్త పీటర్ క్లాఫర్, ఆయన సహచరులు చూపించారు. పుట్టిన వెంటనే ఐదు నిమిషాలు పిల్లతో గడిపిన తల్లి, తర్వాత కొంతసేపు విడదీసినా దాన్ని తిరిగి చేరనిచ్చింది. ఆ కాసేపూ దొరకని తల్లుల్లో ఎక్కువ భాగం సొంత పిల్లనే తన్ని తరిమేశాయి. శుభ్రం చేద్దామని పుట్టిన పిల్లను వెంటనే పక్కకు తీసుకెళ్లి కడగడం ఎందుకు తప్పో దీన్నిబట్టి అర్థమవుతుంది. తల్లి చనిపోయిన పిల్లకు మరో బాలింత మేక ఉమ్మనీరు పూసి అంటగట్టే పాత పద్ధతి వెనకున్నదీ ఇదే సూత్రం.

గొర్రెపిల్ల పుట్టిన కొద్ది గంటల్లోనే తల్లి వెంట నడుస్తుంది. మేకపిల్ల అలా కాదు. మొదటి కొన్ని రోజులు పొద చాటునో, గోడ మూలనో కదలకుండా పడుకుని ఉంటుంది. తల్లి మేతకు వెళ్లి, వచ్చి పిలిచి పాలిస్తుంది. ఇది తెలియనివారు తల్లి వదిలేసిందనుకుంటారు. షెడ్డులో దాక్కునే మూల లేకపోతే పిల్లలు పెద్ద మేకల కాళ్ల కింద నలుగుతాయి. ఒక పలకో, బోర్లించిన గంపో ఉంటే చాలు, అందులోకి చేరిపోతాయి.

గొంతు కూడా గుర్తే. లండన్ క్వీన్ మేరీ విశ్వవిద్యాలయంలో ఎలోడీ బ్రీఫర్, అలన్ మెక్‌ఎలిగట్ చేసిన పరిశోధనలో, పాలు మాన్పించి విడదీసిన ఏడాది తర్వాత కూడా తల్లులు తమ పిల్లల పాత పిలుపులకు ప్రత్యేకంగా స్పందించాయి. కలిసి పెరిగిన పిల్లల అరుపులు క్రమంగా ఒకే తీరుకు వస్తాయని, అంటే ప్రతి గుంపుకూ ఒక యాస ఏర్పడుతుందని 2012లో వారు ప్రచురించిన మరో అధ్యయనం తెలిపింది.

పోతు వాసనలో ఉన్న సమాచారం

ఎదకాలంలో పోతు తన గడ్డం మీద, ముందరి కాళ్ల మీద మూత్రం చిమ్ముకుంటుంది. ఆడమేక మూత్రం వాసన చూసి పైపెదవి ముడిచి, తల ఎత్తి కాసేపు అలాగే ఉంటుంది. చూసేవారికి నవ్వుతున్నట్టు కనిపిస్తుంది. నిజానికి అది వాసనను అంగిట్లోని ప్రత్యేక అవయవానికి పంపి, ఆ మేక ఎదలో ఉందో లేదో పసిగట్టడం.

పోతు వాసన ఆడమేకల శరీరంపైనా పనిచేస్తుంది. కొంతకాలం పోతుకు దూరంగా ఉంచిన మందలోకి దాన్ని ఒక్కసారిగా వదిలితే ఆడమేకలు కొద్ది రోజుల్లోనే ఎదకు వస్తాయి. పోతు తల వెంట్రుకల నుంచి వచ్చే 4-ఇథైల్ ఆక్టనాల్ అనే పదార్థం ఆడమేక మెదడులోని పునరుత్పత్తి వ్యవస్థను ప్రేరేపిస్తుందని 2014లో జపాన్ శాస్త్రవేత్తలు గుర్తించారు. దీన్ని రైతు పైసా ఖర్చు లేకుండా వాడుకోవచ్చు. పోతును విడిగా పెంచి, అనుకున్న సమయంలో కలిపితే ఈతలు దగ్గర దగ్గరగా వస్తాయి. పిల్లల సంరక్షణ, అమ్మకం రెండూ సులువవుతాయి.

మనిషిని ఎంత అర్థం చేసుకుంటుంది?

2014లో క్వీన్ మేరీ పరిశోధకులు 12 మేకలకు ఒక పెట్టె ఇచ్చారు. నోటితో తాడు లాగి, తర్వాత మీట ఎత్తితేనే లోపలి తిండి బయటికొస్తుంది. 9 మేకలు సగటున 12 ప్రయత్నాల్లో నేర్చుకున్నాయి. పది నెలల తర్వాత అదే పెట్టె ఇస్తే రెండు నిమిషాలు కూడా పట్టలేదు. దొడ్డి గడియ తీయడం ఒకసారి నేర్చిన మేక ఎందుకు మరిచిపోదో దీంతో తెలుస్తుంది.

2016లో మరో పరీక్ష. తెరుచుకోని డబ్బాలో తిండి పెట్టినప్పుడు మేకలు పక్కనున్న మనిషి వైపు, డబ్బా వైపు మార్చి మార్చి చూశాయి. మనిషి అటు తిరిగి ఉన్నప్పుడు అంతగా చూడలేదు. కుక్కల్లో, గుర్రాల్లో కనిపించే ఈ 'సాయం అడిగే చూపు' పాలకో, మాంసానికో పెంచే జంతువులోనూ ఉందని తేలింది. 2018లో నవ్వు ముఖం, కోపం ముఖం ఉన్న ఫొటోలు పక్కపక్కన పెడితే, మేకలు నవ్వు ముఖం దగ్గరికే ఎక్కువగా వెళ్లాయి.

వీటిలో పనికొచ్చే సంగతి ఒకటుంది. మేక మనిషిని గుర్తుపెట్టుకుంటుంది. కర్రతో తోలేవారిని చూసి మంద చెదురుతుంది. పేరు పెట్టి పిలిచి, గుప్పెడు దాణా చూపించేవారి వెనక నడుస్తుంది. టీకా వేసే రోజున ఈ తేడా స్పష్టంగా కనిపిస్తుంది.

ఏ ప్రవర్తన దేనికి సంకేతం?

మేక జబ్బును వీలైనంత దాచిపెడుతుంది. బలహీనంగా కనిపిస్తే మందలో స్థానం పోతుంది, వేటజంతువు కన్ను పడుతుంది. కాబట్టి చిన్న మార్పులనే పట్టుకోవాలి.

• మందకు దూరంగా ఒక్కటే నిలబడటం: ఈనడానికి సిద్ధంగా లేకపోతే, జ్వరమో నొప్పో ఉందని అనుమానించాలి.

• నెమరు ఆగడం: ఆరోగ్యంగా ఉన్న మేక పడుకున్నప్పుడు నెమరేస్తుంది. పూట గడిచినా నెమరు లేకపోతే పశువైద్యుడిని పిలవాలి.

• పళ్లు నూరడం, వీపు గూనిలా వంచడం: కడుపులో నొప్పి.

• ఎప్పుడూ పైకుండే తోక వాలిపోవడం: నీరసం, భయం, లేదా విరేచనాలకు మొదలు.

• మోకాళ్ల మీద కూర్చుని మేయడం: గిట్టల్లో నొప్పి.

• ఆగకుండా అరవడం, తోక వేగంగా ఊపడం, ఇతర మేకలపైకి ఎక్కడం: ఆడమేక ఎదకు వచ్చింది. ఇది సుమారు 21 రోజులకోసారి వస్తుంది.

• కంటి నీరు, ముక్కు చీమిడి, నోటిపూత, విరేచనాలు కలిసి రావడం: పీపీఆర్ కావచ్చు. వెంటనే వేరు చేయాలి.

షెడ్డు కట్టేముందు

పూర్తిగా కట్టేసి మేపే సాంద్ర పద్ధతి మేకకు కుదరదని కాదు. ఉత్తరప్రదేశ్‌లో మథుర దగ్గర మఖ్దూమ్‌లో 1979 నుంచి కేంద్రీయ మేకల పరిశోధన సంస్థ పనిచేస్తోంది. బర్బరి, జమునాపారి జాతులపై అక్కడ పరిశోధనలు జరుగుతున్నాయి. పొట్టిగా ఉండే బర్బరి కట్టేసి మేపడానికి తగినదిగా పేరుపడింది. అంటే జాతిని బట్టి కూడా స్వభావం మారుతుంది. దిల్లీ చుట్టుపక్కల ఇళ్లలో ఒదిగిపోయిన జాతిని చూసి, బయట తిరగడానికి అలవాటుపడిన దక్కన్ మేకలతో అదే ఫలితం ఆశించడం సరికాదు.

ఏ జాతి అయినా కొన్ని ఏర్పాట్లు తప్పవు. పెద్ద ఆడమేకకు సుమారు 10 చదరపు అడుగులు, పోతుకు 20 చదరపు అడుగుల చోటు ఉండాలని చెబుతారు. చోటు ఎంత ముఖ్యమో మేత తొట్టి పొడవు అంతే ముఖ్యం. అన్నీ ఒకేసారి నిలబడి తినలేకపోతే వరుసలో చివరివి ఆకలితోనే ఉంటాయి. మేతను నేల మీద కాకుండా తల ఎత్తులో కట్టలుగా వేలాడదీయాలి. నేపియర్ గడ్డి ఒక్కటే కాకుండా అవిశ, మునగ, దశరథ గడ్డి, సుబాబుల్ మార్చి మార్చి వేయాలి. సుబాబుల్‌లో మైమోసిన్ ఉంటుంది కాబట్టి దాన్నే పూర్తి మేతగా పెట్టకూడదు. షెడ్డు బయట కట్టిన ఆవరణలో నాలుగు బండలు, ఒక అరుగు ఉంటే అవే మేకలకు వ్యాయామశాల.

కొత్త మేకలను మూడు నాలుగు వారాలు విడిగా ఉంచి, టీకాలు, పురుగు మందులు పూర్తయ్యాక, ఒక్కొక్కటిగా కాకుండా కొన్నింటిని కలిపి మందలోకి వదలాలి. ఒక్కటే వస్తే మిగతావన్నీ దానిమీదే పడతాయి. వీలైతే ఒకే మందలో పెరిగినవాటిని కొనడం మంచిది. వాటి మధ్య వరుస ముందే తేలిపోయి ఉంటుంది.

ఇవేవీ పెద్ద ఖర్చుతో కూడినవి కావు. రోజూ ఉదయం మేత వేశాక పది నిమిషాలు నిలబడి ఏది తింటోంది, ఏది వెనక్కి తగ్గింది, ఏది ఒంటరిగా ఉంది అని చూడటానికి అసలు ఖర్చే లేదు. రుణం తీసుకుని వంద మేకలు కొనేవారు, ముందు ఒక నెల పాటు ఊళ్లోని కాపరితో కలిసి మంద వెనక నడిస్తే ఆ పది నిమిషాల్లో ఏం చూడాలో తెలుస్తుంది.